సొంతమా, పిలుపా?

మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన ముందు ఎవరూ ఎవర్నీ నోరారా పిలుచుకోడానికి వీల్లేదు. "అన్నయ్యా" అన్నా, "అత్తయ్యా" అన్నా, ఆఖరికి పక్కవాణ్ణి "తమ్ముడూ, కాస్త జరుగు" అన్నా సరే, కళ్ళజోడు పైకి తోసుకుని ఒకటే ప్రశ్న వేసేవారు. "సొంతమా, పిలుపా?" అంటే, ఆ అన్నయ్య మీ అమ్మ కడుపున పుట్టిన అన్నయ్యా, ఊరికే నోటితో పిలిచే అన్నయ్యా అని. జవాబు చెప్పేదాకా ఆయన కదలరు, మనల్ని కదలనివ్వరు. దాంతో ఆయన అసలు పేరు అందరూ మర్చిపోయి, సొంతమా గారు అనే పేరు స్థిరపడిపోయింది.

నా సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. నాకు కంగారు ఎక్కువ. ఇంటికి తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్ళి, వేశానో లేదోనని వెనక్కొచ్చి చూసుకుని, చూసుకున్నట్టు గుర్తులేక మళ్ళీ వచ్చే రకం. ఇలాంటి మనిషిని తీసుకెళ్ళి రక్తం తీసే పనిలో, ఆ గొట్టాల మీద చీటీలు అంటించే పనిలో పెట్టారు. రోజుకి యాభై గొట్టాలు. నా బతుకు ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి.

మా ఆఫీసు వెతికేది ఆయాసం మూలాన్ని. తాతకుంటే మనవడికొస్తుంది, మధ్యలో కొడుకుని వదిలేస్తుంది. అక్కకుంటే చెల్లికి ఉండదు. ఎందుకలా? అది తేలాలంటే ఆయాసం ఉన్న ఇళ్ళకి వెళ్ళి, మూడు తరాలవాళ్ళ రక్తం తీసుకొచ్చి, జబ్బుతోపాటు ఏ జన్యువు కిందికి దిగుతోందో పట్టుకోవాలి. "ఇది ఒక్క దొంగ చేసే పని కాదమ్మా. చిల్లర దొంగలు చాలామంది కలిసి చేస్తున్నారు. దుమ్మూ పొగా వాళ్ళకి తలుపు తీస్తున్నాయి" అనేది మా ల్యాబు మేడమ్. సరే, ఆ దొంగలు దొరకాలంటే ముందు ఎవరికి ఎవరు పుట్టారో ఖచ్చితంగా తెలియాలి కదా. ఇంటింటికీ వెళ్ళి అది అడిగి, వంశవృక్షం గీసుకొచ్చేది సొంతమా గారు.

ఆయన ఒకప్పుడు బళ్ళో డ్రాయింగు మాస్టారు. మగవాళ్ళకి చతురస్రం, ఆడవాళ్ళకి సున్నా, ఆయాసం ఉన్నవాళ్ళకి లోపలంతా నలుపు. ఆ నలుపు నింపడం చూడాలి. పెన్సిలు గీత దాటి వెంట్రుకవాసి బయటికి పోదు. పోతే ఆ కాగితం చింపేసి, పాతికమంది బంధువుల్ని మళ్ళీ మొదట్నుంచి గీసేవారు.

ప్రశ్న మాత్రం ఊరికే పుట్టలేదు లెండి. ఒకింట్లో ఒకాయన "మేం పదకొండుమంది అన్నదమ్ములం" అని మీసం దువ్వాడు. సొంతమా గారు మూడు గంటలు కూర్చుని వడపోస్తే సొంతం ఇద్దరు తేలారు. మిగతావాళ్ళలో పెదనాన్న కొడుకులు నలుగురు, పిన్ని కొడుకులు ముగ్గురు, ఒకడు పక్కింటివాడు, ఒకడు చిన్నప్పుడు కలిసి ఈత నేర్చుకున్నవాడు. ఇంకో ఇంట్లో ఒక పెద్దమనిషి పక్కనున్న ముసలావిణ్ణి చూపించి "మా వదిన" అన్నాడు.

"సొంతమా, పిలుపా?"

"సొంతమేనండీ."

"అంటే మీ సొంత అన్నగారి భార్యా?"

"కాదండీ, మా అమ్మ."

ఇంట్లో బాబాయిలంతా వదినా వదినా అంటుంటే, విని విని కన్నకొడుక్కి కూడా అదే పిలుపు అలవాటైపోయిందట! అలాంటి చెట్టు తప్పుగా గీస్తే మా ల్యాబు ఏమైపోవాలి? కాబట్టి పనిలో అడగడం నాకూ న్యాయంగానే తోచేది. నా బాధల్లా పని లేనిచోట అడిగినందుకే.

బస్సులో కండక్టరు "బాబాయ్, లోపలికి జరుగు" అన్నాడు ఓసారి. ఈయన కమ్మీ పట్టుకుని అక్కడే ఆగిపోయారు.

"సొంతమా, పిలుపా?"

"ఏంటి బాబాయ్?"

"మీ నాన్న నాకు అన్నయ్య అవుతాడా? పేరు చెప్పు."

వెనక జనం తోస్తున్నారు. నేను సీటు కిందికి దూరిపోదామా అనుకున్నాను. కండక్టరు కంగారుపడి నిజంగానే వాళ్ళ నాన్న పేరు చెప్పాడు. "అయితే పిలుపే" అని తేల్చుకుని అప్పుడు జరిగారు. ఒకరోజు మా డైరెక్టరుగారు పక్కనున్నాయన్ని చూపించి "మా తమ్ముడండీ" అన్నారు. సొంతమా గారు నోరు తెరిచేలోపే డైరెక్టరుగారు రెండు చేతులూ ఎత్తి "సొంతం! సొంతం! ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే ఆసుపత్రి!" అన్నారు. రాంగ్ నంబరు ఫోనొచ్చి అవతలివాడు "సారీ అన్నయ్యా" అంటే వాణ్ణి కూడా వదల్లేదు. ఒకింట్లో పిల్లిని చూసి "ఇది సొంతమా?" అన్నారు. నాకు ఒళ్ళు మండి "పిల్లికి కూడా చెట్టు గీస్తారా మాస్టారూ?" అన్నాను. "ఇంట్లో పిల్లి ఉందో లేదో రాసుకోవాలమ్మాయ్, కొందరికి దానివల్లే ఆయాసం" అన్నారు, తొణక్కుండా.

ఇంకో చాదస్తం ఉంది. అందరి ముందూ అడిగింది చాలదని, ఒక్కొక్కరినీ విడిగా వంటింట్లోకి పిలిచేవారు. ఊపిరి బలం చూసే గొట్టం ఒకటి ఉంటుంది, దాన్ని ఊదించాలనే వంకతో. తలుపు దగ్గరికేసి, ఊదించి, మళ్ళీ అదే ప్రశ్న. ఇంట్లో పదిమంది ఉంటే పదిసార్లు. బయట నేను రక్తం గొట్టాలు ఐసు పెట్టెలో పెట్టుకుని, ఐసు కరిగిపోతోందో ఏమో అని నిమిషానికోసారి మూత తీసి చూస్తూ, తీసినందుకే కరిగిపోతుందేమోనని హడలిపోతూ ఉండేదాన్ని.

అలా వెళ్ళిన ఇళ్ళల్లో ఒక దర్జీ ఆవిడ ఇల్లు. ముందుగదిలో కుట్టుమిషను, చుట్టూ గుడ్డపీలికలు. ఆవిడకి పదమూడేళ్ళ కూతురు, బక్కపల్చటి పిల్ల, నోరు మాత్రం గంపెడు. ఆయాసం వల్ల నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటుంది, ఆ ఆగినంతసేపూ తర్వాతి నాలుగు మాటలు వెతుక్కుంటుంది. ఆ రోజు దర్జీ ఆవిడ అక్క కూడా వచ్చింది. ఆవిడకీ ఆయాసమే, ఆవిడ ముగ్గురు పిల్లల్లో ఇద్దరికి ఆయాసమే. దర్జీ ఆవిడకి మాత్రం లేదు.

"రండి తాతగారూ" అంది పిల్ల.

"సొంతమా, పిలుపా?"

"అద్దెకి!" అంది. సొంతమా గారంతటి మనిషి చేతిలో పెన్సిలు జారవిడిచారు. ఇల్లంతా గొల్లున నవ్వింది. తర్వాత మామూలే. వంటింట్లోకి ఒక్కొక్కరే వెళ్ళడం, ఊదడం, రావడం. దర్జీ ఆవిడ చాలాసేపు లోపలుండి, కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది. గట్టిగా ఊదిందేమో, చెమట పట్టింది పాపం అనుకున్నాను.

మర్నాటినుంచి సొంతమా గారు కంటి ఆపరేషనుకి పదిహేను రోజులు సెలవు పెట్టారు. ఆయన గీసిన చెట్లు కంప్యూటరులోకి ఎక్కించే పని నా మీద పడింది. దర్జీ ఇంటి ఫైలు తెరిచాను. అందులో రెండు చెట్లున్నాయి. ఒకటి ఆ ఇంటివాళ్ళకి ఇవ్వడానికి పేర్లతో అందంగా గీసింది, రెండోది ల్యాబుకి అంకెలతో గీసింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే కలవలేదు! ఇంటి చెట్టులో పిల్ల దర్జీ ఆవిడ కింద ఉంది. ల్యాబు చెట్టులో దర్జీ ఆవిడ కింద ఎవరూ లేరు, పిల్లని తీసుకెళ్ళి పెద్దమ్మ కింద నాలుగో బిడ్డగా గీసేశారు.

అయ్యో పాపం, కంటికి పొర కమ్మి గీత తప్పిపోయారు అనుకున్నాను. ఆ పిల్ల దర్జీ ఆవిణ్ణి "అమ్మా" అనడం నా చెవులతో నేను విన్నాను కదా. ఆ రోజు వచ్చిన వాళ్ళక్క పెద్దమ్మే కదా. ఇన్నేళ్ళకి సొంతమా గారి తప్పు ఒకటి దొరికింది. దాన్ని నేను దిద్దాను. గర్వంగా, రెండుసార్లు సరిచూసుకుని మరీ దిద్దాను.

పదోరోజు ల్యాబు మేడమ్ పిలిచింది.

"ఈ తల్లీకూతుళ్ళ రక్తం కలవడం లేదు. సగం కలవాలి. పావే కలిసింది. గొట్టాలు ఎవరంటించారు?"

ఇంకెవరు, నేనే. ఎన్నాళ్ళనుంచి భయపడుతున్నానో అదే జరిగింది. చీటీలు మారిపోయాయి. ఈ ఇంట్లో మారాయంటే అన్ని ఇళ్ళల్లో మారే ఉంటాయి. ఏళ్ళ తరబడి తీసిన రక్తమంతా బూడిదలో పోసిన పన్నీరు! ఉద్యోగం పోతుంది. పోనీ అనుకున్నా, రేపు ఎవరో ఎక్కడో నా చీటీ నమ్మి తప్పు జన్యువుని పట్టుకుంటే?

"మళ్ళీ రక్తం ఇవ్వమని కార్డు పంపు" అంది మేడమ్.

దానికి అచ్చేసిన కార్డు ఉంది. 'దయచేసి మరొకసారి రక్త నమూనా ఇవ్వగలరు' అని ఒకే ఒక వాక్యం. కానీ తప్పు నాదైనప్పుడు అలా ముక్తసరిగా పంపడానికి మనసొప్పలేదు. కాగితం తీసుకుని పేజీన్నర రాశాను. 'మీ రక్తమూ మీ అమ్మాయి రక్తమూ తల్లీకూతుళ్ళ రక్తంలా కలవడం లేదు. లోపం మా వల్లే జరిగి ఉంటుంది. దయచేసి కంగారు పడవద్దు.' ఆఖరి మాట కింద రెండు గీతలు కూడా గీశాను. సోమవారం పోస్టులో వేశాను.

బుధవారం సొంతమా గారు నల్లకళ్ళద్దాలతో వచ్చారు. ఆయన కుర్చీలో కూర్చోకముందే గోడు వెళ్ళబోసుకున్నాను. ఆయన కంప్యూటరులోంచి తీసిన చెట్టు ముక్కుదగ్గర పెట్టుకుని చూశారు.

"ఈ గీత ఎవరు జరిపారమ్మాయ్?"

"నేనే మాస్టారూ. మీరు పొరపాటున పెద్దమ్మ కింద గీశారు. ఆ పిల్ల ఆవిణ్ణి అమ్మా అని పిలిచింది కదండీ!"

సొంతమా గారు అద్దాలు తీశారు. ఒక కన్ను ఎర్రగా ఉంది.

"సొంతమా, పిలుపా?" అన్నారు, చాలా మెల్లిగా.

నేను మళ్ళీ ఆ చెట్టు వంక చూశాను.

"గొట్టం మారితే అసలు కలవదు తల్లీ. పావు కలిసిందంటే ఎవరవుతారు?"

"పిన్ని" అన్నాను.

"పుట్టిన పదోరోజున అక్క తన బిడ్డని చెల్లెలి ఒళ్ళో పెట్టింది. పద్దెనిమిదేళ్ళొచ్చాక నేనే చెప్పుకుంటాను, అందాకా పాపకి తెలియకూడదు మాస్టారూ అంది దర్జీ ఆవిడ. నేను మాటిచ్చాకే రక్తానికి చెయ్యి చాపింది. సరే, గీత మళ్ళీ జరుపుకోవచ్చు. ఇంకేం చేశావు?"

ఉత్తరం సంగతి చెప్పాను. ఏం రాశానో కూడా చెప్పాను. రెండు గీతల సంగతితో సహా.

"ఎప్పుడు వేశావు?"

"మొన్న."

"అయితే ఇవాళ చేరుతుంది. ఆ ఇంట్లో ఉత్తరాలు చదివేది ఎవరో తెలుసా? ఆవిడకి సన్న అక్షరాలు ఆనవు. పిల్లే పైకి చదువుతుంది."

"ఫోన్ చేద్దామా?"

"ఎత్తేది కూడా ఆ పిల్లే. పద!"

ఆపరేషనైన కన్నుతో ఆయన అంత వేగంగా నడవగలరని నేననుకోలేదు. బస్సెక్కాం. "బాబాయ్, జరుగు" అన్నాడు కండక్టరు. సొంతమా గారు మాట్లాడకుండా జరిగారు! అప్పుడు పట్టుకుంది నాకు అసలు భయం. ఆ పిల్లకి పదమూడేళ్ళు. మాటల మధ్యలో ఊపిరందని పిల్ల. నా పేజీన్నర ఉత్తరం అమ్మకి పైకి చదివి వినిపిస్తూ, అది మధ్యలో అర్థమై... ఆపైన ఆలోచించలేక నన్ను నేనే తిట్టుకున్నాను. ప్రతి సిగ్నలూ ఎర్రగానే పడింది.

"మీరైనా ముందే నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా మాస్టారూ" అన్నాను ఏడుపుగొంతుతో.

"నీకు చెబితే ఇంకొకరికి తెలిసినట్టే కదమ్మాయ్. అయినా నాదీ తప్పే. సెలవుకి ముందు ఆ కాగితం నేనే ల్యాబుకి ఇచ్చి ఉండాల్సింది." నల్లకళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ అందుకున్నారు. "ఈ పని మొదలుపెట్టిన కొత్తలో, అనుమానం వచ్చిన ఇంట్లోనే అడిగేవాణ్ణి. ఒకావిడ తలుపు మొహానే వేసింది. వీధిలో అందర్నీ వదిలేసి నన్నే ఎందుకడిగావు, ఎవరు చెప్పారు నీకు అని. నిజమే కదా! అప్పట్నుంచి అందర్నీ అడగడం మొదలుపెట్టాను. కండక్టర్నీ, డైరెక్టర్నీ. ముసలాడికి పిచ్చి, కనపడ్డవాళ్ళనల్లా అడుగుతాడు అని పేరొచ్చేసింది. ఇక ఎవరికీ గుచ్చుకోదు. అవునన్నవాళ్ళు ఎవరో, కాదన్నవాళ్ళు ఎవరో పక్కవాళ్ళకి అంతుబట్టదు."

ఇన్నాళ్ళూ ఈయన పక్కన నిలబడి నేను పడ్డ సిగ్గంతా గుర్తొచ్చి, కొత్తగా మళ్ళీ సిగ్గుపడ్డాను.

దర్జీ ఇంటికి చేరేసరికి తలుపు బార్లా తీసి ఉంది. కుట్టుమిషను చప్పుడు లేదు. అయిపోయింది అనుకున్నాను. లోపల దర్జీ ఆవిడ మిషను ముందు కూర్చుని ఉంది. పిల్ల స్టూలు మీద, చేతిలో నా ఉత్తరం. కవరు చింపి ఉంది.

"రండి మాస్టారూ! ఇప్పుడే పాప మీ ఉత్తరం చదివింది" అంది దర్జీ ఆవిడ. నవ్వుతోంది! "రక్తం గొట్టం పగిలిపోయిందటగా? మళ్ళీ ఇవ్వాలటగా? దానికింత బతిమాలుకోవాలా అమ్మా?"

గొట్టం పగిలిందని నేనెక్కడ రాశాను! పిల్ల వంక చూశాను. అది కళ్ళార్పకుండా నన్నే చూస్తోంది. ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి పిడికిట్లో బిగించింది.

"అవునమ్మా, పగిలింది" అన్నారు సొంతమా గారు, తడుముకోకుండా. "ఇదిగో, ఈ అమ్మాయే పగలగొట్టింది."

"అవునండీ, నేనే" అన్నాను. జీవితంలో ఏ తప్పునీ అంత సంతోషంగా ఒప్పుకోలేదు.

"అయ్యో, చెయ్యి తెగలేదు కదా?" అని దర్జీ ఆవిడ లేచొచ్చి నా వేళ్ళు తిప్పి తిప్పి చూసింది. నాకు ఏడుపొచ్చింది. తెగిన చోట మండుతోంది కాబోలు అనుకుని మరీ జాలిపడింది. ఇక పగిలిందన్నాక మళ్ళీ తియ్యక తప్పదు కదా. నా సంచీలో ఎప్పుడూ ఉండే సూదులు తీసి ఇద్దరికీ గుచ్చాను. "మీ వల్ల నాకు రెండో పోటు" అని పిల్ల మూలిగింది.

పిల్ల చెయ్యి కడుక్కోడానికి వెళ్ళగానే దర్జీ ఆవిడ గొంతు తగ్గించింది. "మాస్టారూ, మా పాపకేమీ..."

"ఆ మాట నా దగ్గరే ఉందమ్మా. అక్కడే ఉంటుంది."

సెలవు పుచ్చుకుని గేటుదాకా వచ్చాం. వెనకనుంచి పిల్ల పరిగెత్తుకొచ్చింది. ఎగపోస్తూ, ఉత్తరం నా చేతిలో కుక్కింది. తర్వాత సొంతమా గారి చొక్కా పట్టుకుని కిందికి లాగింది.

"తాతగారూ, ఆ రోజు వంటింట్లో గొట్టం ఊదేటప్పుడు... నేను మీకు చెప్పింది అమ్మకి చెప్పలేదుగా?"

"ఏం చెప్పావో నాకు గుర్తు లేదే తల్లీ. కన్నుతోపాటు చెవి కూడా మందగించింది."

నేను నోరెళ్ళబెట్టాను. "నీకు తెలుసా?"

"పెద్దమ్మ దగ్గితే అచ్చం నా దగ్గే" అంది. ఊపిరి తీసుకుంది. "అమ్మకేమో దగ్గే రాదు. తొమ్మిదేళ్ళప్పుడే తెలిసిపోయింది."

మా మెషిను వారం రోజులు తిరిగి తేల్చిన సంగతి!

"మరి అమ్మని అడగలేదా?"

"తనే చెబుతుందిగా ఎప్పుడో ఒకప్పుడు. చెప్పినప్పుడు నేను బాగా ఆశ్చర్యపోవాలి." మళ్ళీ ఊపిరి తీసుకుంది. "అద్దంలో చూసుకుని ప్రాక్టీసు చేస్తున్నా. ఇదిగో, ఇలా." కనుబొమ్మలు ఎగరేసి, నోరు గుండ్రంగా తెరిచి చూపించింది. సొంతమా గారు తల పక్కకి వంచి, బొమ్మ దిద్దే మాస్టారిలా పరీక్షగా చూశారు.

"నోరు మరీ అంత తెరవకు, అనుమానం వస్తుంది" అన్నారు.

ఇంతలో కిటికీలోంచి దర్జీ ఆవిడ కేకేసింది. "అమ్మాయ్, నిన్నే! ఈసారి ఉత్తరం రాస్తే కాస్త పొట్టిగా రాయమ్మా! గొట్టం పగిలిందని ఒక్క ముక్క చదవడానికి మా పాపకి మధ్యలో రెండుసార్లు ఊపిరాడలేదు!"